‘ఎవరు’ అనే గడి లేని పత్రం

అమెరికాలోని మిషిగన్‌లో నేను పనిచేసే ల్యాబ్‌లో, మా నాన్నగారి వయసున్న టెక్నీషియన్ నన్ను అందరి ఎదుట మందలించి మూడు వారాలైనా ఆ మాట ఇంకా మనసులో నలుగుతూనే ఉంది. మేము సొంతంగా తయారు చేస్తున్న ఆరు కీళ్ల రోబో చేతికి చివర ఒక వైరు వదులైంది. కంప్యూటర్‌లో ప్రోగ్రాము నిలిపి, దాని చుట్టూ ఉన్న కంచె తలుపు తీసి, చేయి లోపల పెట్టాను. ఆయన పరుగున వచ్చి ఎర్ర బటన్ నొక్కి, "మోటార్లలో కరెంటు ఉంది, బయటికి రా" అని అరిచారు.

ప్రోగ్రాము నిలిచినా మోటార్లు ఆ చేతి బరువును మోస్తూనే ఉంటాయి; మరొకరు తమ బల్ల దగ్గరి నుంచి మళ్లీ మొదలుపెడితే చాలు, అది కదులుతుంది. అందుకే లోపలికి వెళ్లేవారు మెయిన్ స్విచ్ ఆపి, దానికి తమ సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. విద్యుత్తును నిల్వ ఉంచే కెపాసిటర్లలో మిగిలిన వోల్టేజీని మీటరుతో చూడాలి. బ్రేకు లేని కీలు కరెంటు పోగానే కిందికి జారుతుంది కనుక ముందే ఆనిక పెట్టాలి. ఇవన్నీ తెలిసీ చేశాను. అయినా, విజయవాడ ఆటోనగర్‌లో నాన్నగారు పనిచేసిన లేత్ పక్కన పెరిగి, ఏటా దసరాకు దానికి బొట్టు పెట్టిన నాకు యంత్రం పట్ల భయభక్తులు ఒకరు నేర్పాలా అని ఆ రాత్రంతా ఉక్రోషపడ్డాను.

మరునాడు ఘటన నమోదు పత్రంలో "పొరపాటు నాదే" అని రాసి ఇస్తే, ఆ టెక్నీషియన్ ఆ వాక్యాన్ని కొట్టేశారు. తలుపు తీయగానే కరెంటు పోవాలి కదా, ఎందుకు పోలేదో చూసి అది రాయమన్నారు. చూస్తే, తలుపుకు ఉండాల్సిన అయస్కాంతపు ముక్కను ఊడదీసి, స్విచ్చుకే నల్ల టేపుతో అంటించి ఉంది; అందుకే తలుపు తీసినా, అది మూసే ఉన్నట్టు స్విచ్చుకు తోచేది. టేపు అంచులు దుమ్ము పట్టి ఉన్నాయి. ఎవరు అంటించారో రాయడానికి ఆ పత్రంలో గడే లేదు.

ఇదే మిషిగన్‌లో, ఫ్లాట్ రాక్‌లోని ఫోర్డ్ కర్మాగారంలో, 1979 జనవరి 25న రాబర్ట్ విలియమ్స్ అనే 25 ఏళ్ల కార్మికుడు విడిభాగాల కోసం అరల మీదికి ఎక్కి, రోబో చేయి తగిలి చనిపోయాడు. 1983లో జ్యూరీ ఆ కుటుంబానికి కోటి డాలర్ల పరిహారం నిర్ణయించింది. అది చదివినప్పుడు నాకు నాన్నగారి కుడి చూపుడు వేలే గుర్తుకొచ్చింది. దాని కొన లేత్ చక్కులో, అంటే లోహపు ముక్కను పట్టి తిప్పే భాగంలో, పోయింది. ఇంట్లో తలుపు సందులో నలిగిందని ఆయన యజమానికి చెప్పారు. మనవాళ్లకు జాగ్రత్త తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను; "ఎవడు చేశాడు?" అన్న ప్రశ్నే ముందు వస్తుందనీ, వెంటనే పని పోతుందనీ ఆయనకు బాగా తెలుసు.

ఆదివారం ఫోనులో నాన్నగారికి అంతా చెప్పాను. "ఇప్పుడా తలుపు తీస్తే కరెంటు పోతోందా?" అని అడిగారు.

"పోతోంది నాన్నా, రోజూ పొద్దున్నే తీసి చూస్తున్నాం."

ఆయన కాసేపు ఆగి, "మా చక్కుకూ ఒక మూత ఉండేదిరా, తర్వాత ఊడదీసేశారు" అన్నారు. ఎవరన్నది ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.