బాత్రూములో పదమూడు కోళ్లు

మాది ఉద్దానంలో, సోంపేట పక్కన పల్లె. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా పెరట్లో పద్నాలుగు కోళ్లుండేవి. గూటి రేకు లేచిపోయి, దాని మీద కొబ్బరిచెట్టు పడి, గాలికి పోయినవి రెండే. తర్వాత నెల తిరక్కుండా ఇంకో తొమ్మిది పోయాయి. తడి గూట్లో ముడుచుకుని కొన్ని, బూజు పట్టిన నూకలు తిని కొన్ని, ఆఖరికి కొక్కెర తెగులొచ్చి మిగతావి. అందుకని ఈసారి తుఫాన్ల కాలానికి ముందే కోళ్లకి ఏర్పాట్లు చేస్తున్నాను, నా లెక్కంతా గాలి ఆగిపోయాక వచ్చే పదిహేను రోజుల మీదే.

ఇప్పుడున్నవి పదకొండు పెట్టలు, రెండు పుంజులు. కోసుకునేవి కావు. పిల్లలు అన్నింటికీ పేర్లు పెట్టేశారు, ఇక కత్తి మాటెత్తితే ఇంట్లో నాకే అన్నం ఉండదు.

ఆగస్టు, రెండో ఆదివారం

రేకుల గూటిని ఎంత గట్టిగా కట్టినా లాభం లేదని తేల్చుకున్నాను. తిత్లీ రాత్రి గాలి ముందు ఈశాన్యం నుంచి కొట్టింది, తెల్లారాక దిక్కు మార్చుకుని ఇంకో వైపు నుంచి కొట్టింది. ఒక వైపు తడక కట్టి కూచుంటే రెండో విడతకి పోతుంది. పెరట్లో వాడని పాత బాత్రూము ఉంది. శ్లాబు కప్పు, ఆరడుగులకి అయిదు. ముప్పై చదరపు అడుగులంటే కోడికి రెండు పైచిలుకు. రోజూ ఉంచడానికి ఇరుకే గానీ మూడు నాలుగు రోజులకి పర్వాలేదు.

మా అమ్మ చూసి, "ఏటిరా, కోళ్లకి మేడ కట్టీసినావేటి?" అంది. సామాన్లు బయట పడేసి కడిగేసరికి సాయంత్రమైంది. నీళ్లు పోయే తూముకి సన్నకన్ను ఇనుపజాలీ బిగించాను. వానకి పాములు ఎత్తు చూసుకుని వస్తాయి, ఆ తూము వాటికి సింహద్వారం. రెండడుగుల ఎత్తులో, గోడ నుంచి గోడకి, రెండంగుళాల వెడల్పు చెక్కలు అడ్డంగా రెండు వేశాను. నేల మీదికి నీళ్లొచ్చినా పైన కూచుంటాయని.

ఆగస్టు చివర

ఇక్కడో తప్పు చేశాను. కవిటి వైపు కొబ్బరి పీచు మిల్లుల్లో పొట్టు చవగ్గా దొరుకుతుంది కదా అని రెండు బస్తాలు తెచ్చి నేలంతా పరిచాను. ఒక్క వాన జల్లు కిటికీలోంచి పడింది, అంతే. ఆ పొట్టు నీళ్లని స్పాంజిలా పీల్చుకుని వారమైనా ఆరలేదు. మూడో రోజుకే ముక్కు మండే వాసన. మొత్తం ఎత్తి కొబ్బరి మొదళ్లలో వేసి, రైసుమిల్లు నుంచి ఊక తెచ్చి మూడంగుళాల మందం వేశాను. ఇంకో రెండు బస్తాల ఊక అటక మీద పొడిగా ఉంచాను. తుఫాను తర్వాత పొడి ఊక ఎవరిస్తారు?

సెప్టెంబరు, మొదటి వారం

టీకా. కొక్కెర తెగులుకి ఆర్‌టూబీ, ఎనిమిది వారాలు దాటిన వాటికి రెక్క దగ్గర చర్మం కిందికి అర మిల్లీలీటరు. సీసా వంద కోళ్లకి వస్తుంది, కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. అందుకని వీధిలో అందరికీ చెప్పాను, ఎదురింటి వదినవి, మూలింటి తాతవి కలిపి డెబ్బై దాకా పోగయ్యాయి. ఐసు వేసిన ఫ్లాస్కులో తెచ్చుకున్నాం. టీకా పట్టడానికి రెండు వారాలు పడుతుంది, అంచేత తుఫాను కబురు వచ్చాక పరిగెత్తితే ఉపయోగం లేదు. నట్టల మందు అంతకి వారం ముందే వేసేశాను.

సెప్టెంబరు, మూడో వారం

మేత లెక్క. కోడికి రోజుకి నూట పది గ్రాములు వేసుకుంటే పదమూడింటికి కిలోన్నర, పదిహేను రోజులకి ఇరవై రెండు కిలోలు. నూకలు పద్నాలుగు, చోళ్లు (రాగులు) ఆరు, మిగతా రొయ్యపొట్టు. అన్నీ మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాల్లో. తవుడు దాచలేదు, నిలవుంటే ముక్కిపోతుంది. ఉప్పుచేప పొడి అసలే వద్దు, ఉప్పు ఎక్కువైతే కోళ్లు చస్తాయి.

నీళ్లు కోడికి పావు లీటరు పైన, అన్నింటికీ రోజుకి నాలుగు లీటర్లు. నలభై లీటర్ల నీలం డ్రమ్ము ఒకటి వీటికే వదిలేశాను. తిత్లీకి మా వీధిలో కరెంటు వచ్చేసరికి పన్నెండు రోజులు పట్టింది, మోటారు లేక బోరింగు దగ్గర మనుషులే కొట్టుకున్నారు. ఆ వరసలో కోళ్ల కోసం బిందె పెడితే తంతారు.

అక్టోబరు, రెండో వారం

అల్పపీడనం కాస్తా వాయుగుండమైందని టీవీలో చెప్పారు. సరే, నిజంగానే చేసి చూద్దామని పట్టపగలు కోళ్లని పట్టడానికి దిగాను. గంటసేపు పెరడంతా పరుగు. డేగ పుంజు పనసచెట్టెక్కి కూచుంది. మూడు కోళ్లు దొరికాయి, నా మోచెయ్యి గీరుకుపోయింది. మసకపడ్డాక వెళితే గూట్లో ఉన్నవి ఉన్నట్టే చేతికొచ్చాయి, పావుగంటలో పని అయిపోయింది. పనసచెట్టు మీది దాన్ని మాత్రం నిచ్చెనేసి దింపాల్సొచ్చింది. ఇప్పుడు రోజూ సాయంత్రం బాత్రూములోనే డబ్బా ఆడించి నూకలు వేస్తున్నాను, వాటంతట అవే వస్తున్నాయి.

వాయుగుండం ఇంకో వైపు పోయింది, మాకు రెండు రోజులు ముసురే. ఆ రెండు రోజులూ లోపలే ఉంచాను. పుంజులు రెండూ మొదటి గంటలోనే రక్తాలు కార్చుకున్నాయి, ఒకదాన్ని గంప కింద వేసి రాయి పెట్టాను. అంతకన్నా పెద్ద సంగతి, కిటికీకి పట్టా కట్టేసరికి గది చీకటైపోయి ఒక్కటీ మేత ముట్టలేదు. చీకట్లో కోడి తినదు, తాగదు. ఇది తెలిసిన సంగతే, గుర్తు రాలేదు. చార్జింగు లైటు పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు పెడితే తిన్నాయి. వెచ్చదనానికని బొగ్గుల కుంపటి పెట్టబోతే అమ్మ ఆపింది, ఆ పొగకి మూసిన గదిలో మనకంటే ముందు అవే పోతాయట. పట్టా కూడా పైన జానెడు వదిలి మళ్లీ కట్టాను.

షెల్టరుకి పొమ్మంటే కోళ్లని రానివ్వరు. అప్పుడు చెయ్యాల్సింది తలుపు వెనక సుద్దతో రాశాను: మూడు రోజుల నీళ్లు నాలుగు వెడల్పు గిన్నెల్లో, ఇటుకల మీద. మేత రెండు చోట్ల. కాళ్లకి తాడు కట్టొద్దు. గంప కింద దేన్నీ ఉంచొద్దు, నీళ్లొస్తే మునుగుతుంది. మరి పుంజుల సంగతేటని అడిగాడు మా చిన్నోడు. గదిని వెదురు తడకతో రెండుగా చెయ్యాలి. వెదురు తెచ్చాను, ఇంకా కట్టలేదు.

నిన్నటి నుంచి బూడిద పెట్ట మళ్లీ పొదుగుకి కూచుంది, తొమ్మిది గుడ్ల మీద. ఇరవై ఒక్క రోజులంటే నవంబరు మొదటి వారానికి వస్తుంది, తుఫాన్ల కాలం అప్పటికీ అయిపోదు. దాని బుట్టని ఇప్పుడే బాత్రూములోకి మార్చాలి. రాత్రి మారిస్తే లేవదంటుంది అమ్మ.