బోదె మీద 30 అడుగుల రోడ్డు

“ఇదేనండి, మీ 30 అడుగుల రోడ్డు” అని చేలల్లో వేస్తున్న కొత్త కాలనీలో ప్లాట్లు అమ్మే ఏజెంటు ప్లానులో వేలు పెట్టి చూపించిన చోట, నేల మీద ఇంకా చేలకు నీరు తీసుకెళ్లే పంట బోదె పారుతూనే ఉంది. దాన్ని పూడ్చేస్తే దిగువ చేలకు నీరెలా వెళుతుందని బాబాయిగారు అడిగితే, ఏజెంటు క్లబ్‌హౌస్ గురించి చెప్పారు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ గోదావరి డెల్టా సేద్యమంతా నీరు తెచ్చే కాలువ, నీరు తీసే మురుగు కాలువ అనే రెండింటి మీదే నడుస్తోంది. ఊరికి దూరంగా చేలను మెరక చేసి వేసే కాలనీలు ఆ నీరు పారే వాలుకు అడ్డుపడతాయి. పైగా అక్కడ పాల ప్యాకెట్టుకు కూడా బండి తీయాల్సిందే.

జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో వోబాన్ అనే పేటను పాత సైనిక శిబిరం స్థలంలో కట్టి, కార్లను అంచున ఉన్న పార్కింగ్ భవనాలకు పరిమితం చేసి, వాన నీరు నేలలోకి ఇంకేలా ఏర్పాటు చేశారు. అక్కడికి ట్రాము వెళుతుంది. (మనకు బస్సు వేళకు వస్తే చాలు.)

మన పట్టణాల నడుమ మూతపడిన రైస్ మిల్లుల ఆవరణల్లో మూడంతస్తుల ఇళ్లు కట్టుకుంటే చేల జోలికి పోనక్కరలేదు. ఖర్చెక్కువనేవారు మెరకకు తోలే మట్టిని కూడా లెక్కలో వేయాలి.