వాన తెరిపిచ్చింది, బండి కడుగుడు

పునాది గుంటల్లో నీళ్లు నిలిచి తవ్వకం ఆగింది. ఈ రోజంతా ఇరవై టన్నుల పొక్లెయిన్ కడగడానికే పోయింది. గుంటూరు వైపు రేగడి సంగతి తెలిసిందే: తడిగా ఉంటే బంక, ఆరితే రాయి. అందుకే ట్రాకుల్లో, అంటే బండి నడిచే ఇనుప చెయిన్ పట్టాల్లో, మట్టి పచ్చిగా ఉండగానే దింపాలి. గట్టిపడనిస్తే చెయిన్‌ని పైన మోసే రోలర్లు తిరగకుండా పట్టేస్తాయి. చెయిన్ వాటి మీద ఈడ్చుకుంటూ పోతుంది, రోలర్ ఒక పక్కనే అరిగి చదునైపోతుంది.

నీళ్ల గన్ను పట్టే ముందు పార పని. బూమ్‌కీ (బండికి తగిలిన పెద్ద చెయ్యి) ఆర్మ్‌కీ (బకెట్ తగిలిన ముందు చెయ్యి) మధ్య 90 నుంచి 110 డిగ్రీల కోణం ఉంచి, బకెట్ వీపు నేలకు ఆనించి ఒక పక్క ట్రాకు పైకి లేపాలి. లేచిన ట్రాకుని ముందుకీ వెనక్కీ తిప్పితే చాలా మట్టి దానంతటదే రాలుతుంది. అప్పుడు పక్కన ఎవరూ ఉండకూడదు, రాళ్లు ఎగిరి తగులుతాయి. చెయిన్‌ని తిప్పే పళ్ల చక్రం (స్ప్రాకెట్) సందుల్లో, అవతలి కొసన ఉండే చక్రం (ఐడ్లర్) చుట్టూ గడ్డపార పెట్టేది మాత్రం ట్రాకు దించి, ఇంజన్ ఆపాకే.

మట్టి కంటే నీళ్ల గన్నుతో జరిగే నష్టమే ఎక్కువని నా లెక్క. బకెట్ కీళ్లలో ఉండే పిన్నుల సీళ్ల మీదికి సూటిగా కొడితే నీళ్లు లోపలికి, గ్రీజు బయటికి. ఆల్టర్నేటర్, వైరింగ్ కనెక్టర్లు, గాలి పీల్చే గొట్టం వైపు గన్ను పోనే కూడదు. ఇంజన్ వేడిగా ఉండగా టర్బో (ఇంజన్‌లోకి గాలి నెట్టే భాగం) మీద చన్నీళ్లు పడితే పగుళ్లు రావచ్చు. రేడియేటర్‌కి ఫ్యాన్ గాలి వచ్చే దిక్కుకు ఎదురుగా, తక్కువ ప్రెషర్‌తో, రేకులకు నిటారుగా కొట్టాలి. ఏటవాలుగా కొడితే రేకులు వంగి గాలి దారి మూసుకుంటుంది. కడగడం అయ్యాక ప్రతి పిన్నుకీ పాత నల్ల గ్రీజు పోయి కొత్తది అంచున కనబడేదాకా గ్రీజు గన్ను నొక్కాల్సిందే.

ట్రాకు బిగువు చూసేది శుభ్రం చేశాకే. మట్టి నిండిన చెయిన్ బిగుతుగా కనబడుతుంది. అప్పుడే ట్రాకుని బిగువుగా ఉంచే గ్రీజు వదిలి సడలిస్తే, మట్టి రాలాక మరీ వదులై మలుపులో ఊడుతుంది. అలాగని మట్టితోనే నడిపితే చెయిన్ పిన్నులు, వాటి చుట్టూ ఉండే గొట్టాలు (బుష్‌లు), స్ప్రాకెట్ పళ్లు త్వరగా అరుగుతాయి. చెయిన్ ఎంత వేలాడాలో మోడల్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్ అంకెనే పట్టుకోవాలి. ఆ గ్రీజు వదిలే వాల్వు నెమ్మదిగా, ఒక చుట్టుకు మించకుండా తిప్పాలి. ముఖం దానికి ఎదురుగా పెట్టకూడదు. లోపలి ప్రెషర్‌కి గ్రీజు చర్మంలోకి దిగబడగలదు.

ఎయిర్ ఫిల్టర్ బయటిదాన్ని లోపలి నుంచి బయటికి, 2 బార్ ప్రెషర్ దాటని పొడి గాలితో ఊదాలి. నేలకేసి కొట్టడం మన సైట్లలో పోని అలవాటు. అలా కొడితే కాగితం చిరిగి దుమ్ము నేరుగా ఇంజన్‌లోకి వెళ్తుంది. లోపలి ఫిల్టర్‌ని శుభ్రం చేయరు, మార్చేయడమే.

సాయంత్రమే డీజిల్ ట్యాంకు నింపేయాలి. ఖాళీ ఉంటే రాత్రి చల్లదనానికి లోపలి గాలిలోని తేమ నీరవుతుంది. పొద్దున స్టార్ట్ చేసే ముందు డీజిల్‌లో నీళ్లు వేరుచేసే వాటర్ సెపరేటర్ అడుగు నీళ్లు వదలాలి.

కడిగాక కుడి ట్రాకు కింది రోలర్ ఒకదాని దగ్గర నూనె జిడ్డు బయటపడింది. సీలు పోయినట్టే. అందులో ఉండే నూనె కొంచెమే, అది కారిపోతే రోలర్ పట్టేస్తుంది. గుంటల్లో నీళ్లు తోడేలోపు మార్చాలి.