తేలినీలాపురం కొంగని గోడంత పెద్దది చేయాలంటే

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్టు మీది ఎర్రకాళ్ల కొంగని దూరం నుంచి తీస్తే, ఫ్రేములో అది చిన్నగానే ఉంటుంది. 24 మెగాపిక్సెల్ ఫొటో అంటే 6000×4000 పిక్సెల్స్. కొంగ వరకు క్రాప్ చేశాక 2400×1600 మిగిలిందనుకుందాం. దాన్ని 24×16 అంగుళాల్లో వేస్తే అంగుళానికి 100 పిక్సెల్సే. దగ్గరికెళ్తే ఈకలు అలికినట్టు కనిపిస్తాయి. పొడవు, వెడల్పుల్లో పిక్సెల్స్ రెండింతలు పెంచితే అంగుళానికి 200 వస్తాయి; గోడ మీద నాలుగడుగుల దూరం నుంచి చూడ్డానికి అది చాలు.

వాట్సాప్‌లో వచ్చిన కాపీతో మొదలుపెట్టొద్దు, దయచేసి. రా ఫైలే, అంటే కెమెరా ఏమీ మార్చకుండా దాచిన అసలు ఫైలే తీయండి. ముందు నాయిస్, అంటే ఫొటోలో గింజల్లా కనిపించే చుక్కలు తగ్గించాలి, లేకపోతే ఆ గింజలు కూడా పెరిగి మచ్చలవుతాయి. తర్వాతే అడోబీ వాళ్ల ఫొటో సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో సూపర్ రిజల్యూషన్ వాడండి. అది పొడవు, వెడల్పు రెండూ రెట్టింపు చేస్తుంది. షార్పెనింగ్, అంటే అంచులు పదును చేయడం ఆఖర్న, ప్రింటు సైజుకొచ్చాకే. ముందే చేస్తే అంచుల చుట్టూ తెల్లగీత పెరిగి కూర్చుంటుంది. ఫోకస్ తప్పిన, చెయ్యి కదిలిన ఫొటోని ఏ సాఫ్ట్‌వేరూ నిజంగా బాగుచేయదు. ఏఐ టూల్స్ లేని ఈకల్ని కల్పిస్తాయి, కంటినైతే మరీ పాడుచేస్తాయి. 100 శాతం జూమ్‌లో కన్ను, ముక్కు తప్పక చూడండి.

ప్రింటు ల్యాబ్‌కిచ్చే ముందు ఏ కలర్ ప్రొఫైల్ (ఫైల్లో రంగుల్ని ఎలా చదవాలో చెప్పేది) కావాలో అడగండి, వాళ్లు చెప్పకపోతే మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ ఇవ్వండి. పెద్ద ప్రింటుకి డబ్బు పెట్టేముందు, అదే సైజు ఫైల్లోంచి తల దగ్గర 6×4 అంగుళాల ముక్క కత్తిరించి వేయించండి. అందులో వివరాలు మసకగా అనిపిస్తే గ్లాసీ (మెరిసే) కాగితం మానేసి కాన్వాస్ తీసుకోండి, దాని నేత చిన్న లోపాల్ని కప్పేస్తుంది.