ఆశను లెక్కలోంచి తీసివేస్తే

ఈరోజు సెలవు. పొద్దుటి మాత్ర వేసుకుని, ఉతికిన బట్టలు ఆరేసి, ఇల్లు సర్దుకునేసరికి మధ్యాహ్నమైంది. చదవాలని పక్కన పెట్టుకున్న డిప్రెషన్ పరిశోధన వ్యాసాలను ఆ తర్వాత తెరిచాను. జబ్బు ముదిరి ఉన్న కాలంలో ఇటువంటివి ఒక పేరా కూడా చదవలేకపోయేదాన్ని. అక్షరాలు కనిపించేవి గాని అర్థం అందేది కాదు. ఇవాళ చీకటి పడేదాకా కుర్చీలోంచి లేవలేదు.

నేను వాడే రకం మాత్రలు మెదడు కణాల మధ్య సెరటోనిన్ అనే రసాయనాన్ని కొన్ని గంటల్లోనే పెంచుతాయి, కానీ మనసు తేరుకోవడానికి వారాలు పడుతుంది. ఏదో ఒక రసాయనం తక్కువైంది, దాన్ని భర్తీ చేస్తే సరిపోతుంది అన్న వివరణ ఈ ఒక్క జాప్యం దగ్గరే తేలిపోతుంది. పైగా ఆ వారాల నిరీక్షణ అందరికీ ఫలించదు. అమెరికాలో సుమారు నాలుగు వేల మందితో జరిగిన స్టార్-డి అనే అధ్యయనం 2006లో వెల్లడించిన ప్రకారం, మొదటి మందుతోనే లక్షణాలు దాదాపుగా పోయినవారు మూడింట ఒక వంతుకు మించలేదు. మిగిలినవారు మరో మందు, మరికొన్ని వారాలు అంటూ మళ్ళీ మొదలుపెట్టవలసిందే. ఆ నిరీక్షణ ఎలా ఉంటుందో నాకు తెలుసు కనుక, త్వరగా పనిచేసే మందు అన్న మాట ఎక్కడ కనిపించినా నా కళ్ళు అక్కడే ఆగుతాయి.

కెటమిన్ అలాంటిదే, అయితే అది కొత్త మందేమీ కాదు. ఆపరేషన్లప్పుడు ఇచ్చే మత్తుమందుగా దానికి అమెరికాలో 1970లోనే అనుమతి లభించింది. యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొద్దిమంది రోగులకు చిన్న మోతాదులో దాన్ని నరం ద్వారా ఎక్కించి, వారాలు పట్టవలసిన మార్పు గంటల్లో, రోజుల్లోనే కనిపించిందని 2000లో ప్రకటించారు. దానికి దగ్గరి రూపమైన ఎస్కెటమిన్‌ను, ఇతర మందులకు లొంగని డిప్రెషన్ కోసం, ముక్కులో కొట్టుకునే స్ప్రేగా 2019 మార్చిలో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది. తీసుకున్నాక కనీసం రెండు గంటలు వైద్య సిబ్బంది కళ్ళెదుట ఉండాలి, ఆ రోజంతా వాహనం నడపకూడదు. రక్తపోటు పెరగవచ్చు, తన శరీరం తనది కానట్టు అనిపించవచ్చు, అలవాటుగా మారే ప్రమాదమూ ఉంది. ఇవన్నీ ఉన్నా, కుంగిపోయిన మెదడు ఇంత త్వరగా మారగలదని తెలియడమే నాకు ఆ మందుకన్నా పెద్ద వార్తగా తోచింది. చిట్టెలుకల మీద జరిగిన ఒక అధ్యయనం 2019లో చెప్పిన విషయం ఇంకా ఆసక్తికరమైనది: కెటమిన్ ఇచ్చాక వాటి ప్రవర్తన ముందుగా మెరుగుపడింది, ఒత్తిడి వల్ల నశించిన నాడీకణాల అనుసంధానాలు ఆ తర్వాత మళ్ళీ మొలిచాయి, ఆ మెరుగుదల నిలబడటానికి మాత్రం ఆ కొత్త మొలకలు అవసరమయ్యాయి.

ఇక్కడితో ఆపి ఉంటే మంచి ఉత్సాహంతో లేచేదాన్ని. తర్వాతి వ్యాసం స్టాన్‌ఫర్డ్ పరిశోధకులది, 2023లో వచ్చింది. డిప్రెషన్ ఉండి, వేరే కారణంతో శస్త్రచికిత్సకు సిద్ధమైన 40 మందిని తీసుకుని, వారు పూర్తి మత్తులో ఉండగా సగం మందికి కెటమిన్, సగం మందికి ఉత్త సెలైన్ ఎక్కించారు. నిద్రలో ఉన్నవారికి తమకు ఏది ఇచ్చారో తెలిసే వీలు లేదు. ఫలితంలో రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు, కానీ రెండు వర్గాలవారికీ బాగా నయమనిపించింది. బాగుపడినవారు తమకు కెటమిన్ ఇచ్చి ఉంటారని ఊహించారు. ఆపరేషన్‌లో ఇచ్చిన ఇతర మత్తుమందులు కెటమిన్ ప్రభావాన్ని కప్పివేసి ఉండవచ్చు గనుక ఇది తుది తీర్పు కాదు. అయినా ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. డిప్రెషన్ మొట్టమొదట లాక్కుపోయేది ఆశనే. దానికి మందు కనిపెట్టేవారికి మాత్రం లెక్కల్లోంచి తీసివేయడానికి అన్నిటికన్నా కష్టమైనదీ అదే.

సైలోసైబిన్‌ది కూడా ఇదే చిక్కు. కొన్ని రకాల పుట్టగొడుగుల్లో ఉండే ఆ పదార్థాన్ని 233 మంది మీద పరీక్షించి 2022లో ఫలితాలు ప్రకటించారు. మూడు వారాల తర్వాత 25 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో 37 శాతం మందికి, 1 మిల్లీగ్రాము తీసుకున్నవారిలో 18 శాతం మందికి చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించింది. తేడా నిజమే, కాకపోతే పెద్ద మోతాదు పడినవారికి ఆ సంగతి గంటలోనే తెలిసిపోతుంది, తెలిసిన క్షణం నుంచి వారి ఆశ కూడా మందుతో కలిసి పనిచేస్తుంది. ఆస్ట్రేలియాలో ప్రత్యేక అనుమతి పొందిన సైకియాట్రిస్టులు 2023 జూలై నుంచి దీన్ని రాయవచ్చు. నాకైతే ఆ తొందర కాస్త ఎక్కువే అనిపించింది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. చదివినదంతా చెబితే ఓపికగా విని, "అయితే అదంతా మన భ్రమేనా?" అంది. "భ్రమ అయితే సెలైన్ ఎక్కించుకున్నవాళ్ళకి కూడా ఎందుకు తగ్గుతుంది అక్కా? తగ్గడం నిజమే, ఏ కారణంతో తగ్గిందో విడదీయడమే కష్టం" అన్నాను. మాట్లాడుతుండగానే ఒక సంగతి స్ఫురించింది. జాగ్రత్తగా చూసుకునే మనుషులు, మళ్ళీ మళ్ళీ ఎలా ఉందని అడగడం, ఏదో జరగబోతోందన్న ఎదురుచూపు, ఇవన్నీ ట్రయల్‌లో ఉత్తుత్తి మందు దక్కినవారికీ అందుతాయి. పరిశోధకులకు అది తీసివేయవలసిన అంకె కావచ్చు, రోగికి అది చికిత్సలో భాగమే. అక్క మాత్రం, "సరే, ఆ కొత్త మందు కోసం నువ్వు ఇప్పుడున్న మాత్ర మానేయకు" అని తన మాట తను చెప్పి పెట్టేసింది.

మానేసే ఉద్దేశం నాకు లేదు. ఇవాళ చదివినవాటిలోనే మరొకటి: అయస్కాంత క్షేత్రంతో మెదడును ప్రేరేపించే చికిత్సను ఒక పూట 37 నిమిషాలకు పైగా కాకుండా మూడు నిమిషాలే ఇచ్చినా ఫలితం తగ్గలేదని 2018లో తేలిందట. అది ఇప్పటికే వాడుకలో ఉన్న పద్ధతి, మత్తు కూడా అక్కరలేదు. నా మాత్ర ఎంతకాలం కొనసాగించాలి, మళ్ళీ జబ్బు తిరగబెడితే ఈ అయస్కాంత చికిత్స నాకు సరిపడుతుందా అన్న రెండు ప్రశ్నలను వచ్చే అపాయింట్‌మెంట్‌లో డాక్టరుగారిని అడగాలని ఇక్కడే రాసుకుంటున్నాను.