పాండీ బజార్‌లో అమ్మ ఆటో వద్దంది

చెల్లి పెళ్లి చీరలకని అమ్మా నేనూ మద్రాసు వెళ్లాం. పినాకిని ఎక్స్‌ప్రెస్ దిగేసరికి ఒంటిగంట దాటింది, ఎండ మాడ్చేస్తోంది, సెంట్రల్ బయట ఆటో అతను టీ నగర్‌కి నాలుగొందలన్నాడు. ఒళ్లు మండి, రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌కెళ్లి లోకల్ ఎక్కేశాం, టీ నగర్ పక్కనున్న మాంబళం స్టేషన్‌కి అయిదు రూపాయలు. చీరల గోల ఇంకోసారి రాస్తా, ఇప్పుడు చెప్పాలనుకున్నది ఆ సాయంత్రం పాండీ బజార్‌లో నడక గురించి.

అమ్మకి మోకాళ్ల నొప్పులు. బెజవాడలో వీధి చివర మందుల షాపుకి కూడా ఆటో అంటుంది. అనదా మరి, మా వీధిలో డ్రైన్ మీద పలకలు ఒకటి ఎత్తు ఒకటి పల్లం, నాలుగడుగులేస్తే ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన బళ్లు, రోడ్డు మీదకి దిగితే వెనక నుంచి హారన్. మోకాళ్లు బాగున్నవాళ్లకే కష్టం.

పానగల్ పార్క్ దగ్గర మెట్రో బారికేడ్లు దాటేదాకా ఇక్కడా అదే తంతు, విసుక్కుంటూనే ఉంది. త్యాగరాయ రోడ్డులోకి, అంటే పాండీ బజార్‌లోకి, తిరిగాక చెయ్యి వదిలేసింది. ఫుట్‌పాతే ఓ రోడ్డంత వెడల్పు, కాలికింద చదునుగా, బళ్లు ఎక్కకుండా స్తంభాలు, చెట్ల కింద కూర్చోడానికి గట్లు. కార్లని పూర్తిగా ఆపలేదు, పోతూనే ఉన్నాయి, కాకపోతే వాటి దారి తగ్గించి ఆ జాగా మనుషులకిచ్చారు. స్మార్ట్ సిటీ డబ్బుల్తో చేసి 2019 నవంబర్‌లో తెరిచారు.

గట్టు మీద సంచులు కాపలా కాస్తూ ఓ పెద్దాయన, మా మాటలు విని తెలుగులోనే పలకరించాడు, నెల్లూరు వాళ్లంట, ఎప్పట్నించో వెస్ట్ మాంబళంలో ఉంటున్నారు. "ఇదివరకు ఇక్కడ రెండువైపులా కార్లే తల్లీ, మా ఆవిడ షాపులోకెళ్తే నేను నిలబడే చోటు ఉండేది కాదు. ఇప్పుడు కొనేదేం లేకపోయినా వచ్చి కూర్చుంటాం" అన్నాడు. అమ్మ ఆయన పక్కనే కూలబడి మోకాలు రుద్దుకుంటూ ఆ పార్కుకి పేరొచ్చిన పానగల్ రాజావారు మన కాళహస్తిలో పుట్టినాయనే అన్న కబురు దాకా అన్నీ విన్నది. లేచాక నేను ఆటో చూడబోతే "ఆగవే, ఆ చివరిదాకా చూసొద్దాం" అంది! తణికాచలం రోడ్డు దాకా నడిచింది. మధ్యలో రెండుసార్లు కూర్చుంది, దారిలో మల్లెపూలు బేరమాడింది, అనుకోని జాకెట్ గుడ్డలు కూడా కొంది. మనుషులు నడిస్తే వ్యాపారం పోతుందని భయపడే షాపువాళ్లు ఒకసారి మా అమ్మ సంచి చూడాలి.

అంతా బాగుందని కాదు. స్తంభాలు విరిగిన చోట బైకులు ఎక్కించేశారు, అడిగేవాడు లేడు. పక్క సందుల్లోకెళ్తే మళ్లీ మామూలే. బాగుచేసిన ముక్క కిలోమీటరు కూడా ఉండదేమో, ఊరంతా ఇలా ఎందుకుండకూడదనే నా బాధ. మన బెజవాడ బీసెంట్ రోడ్డుకి ఇంతకంటే ఏం తక్కువ చెప్పండి, ఎలాగూ జనం నడిచే రోడ్డే, కనీసం సాయంత్రాలు బళ్లు ఆపి నాలుగు గట్లు కట్టించినా చాలు.

వెళ్లేవాళ్లు ఆదివారం మాత్రం వద్దు. మాంబళంలో దిగి రంగనాథన్ స్ట్రీట్ తోపులాటలో పడకుండా 2023లో కట్టిన స్కైవాక్, అదే నడక వంతెన, మీదుగా బస్టాండ్ వైపు వచ్చేయండి, పెద్దవాళ్లుంటే మరీను.