కోడిపిల్లల వేళ్లు ముడుచుకుంటే: బి2 లోపంతో నా అనుభవం

రెండు వారాల పిల్లలు మేత దగ్గరికి నడవలేక మడమల మీద కూలబడి, రెక్కలు ఆడిస్తూ పాకుతుంటే నేను ముందు వేళ్లు చూస్తాను. రెండు కాళ్ల వేళ్లూ పిడికిలిలా లోపలికి ముడుచుకుంటే చాలావరకు అది విటమిన్ బి2, అంటే రైబోఫ్లేవిన్ లోపమే. ఒక కాలు ముందుకు, ఇంకోటి వెనక్కు చాచి పడుకుంటే మారెక్స్ అనే వైరస్ జబ్బును అనుమానించాలి. ముక్కు నొక్కితే రబ్బరులా వంగితే విటమిన్ డి3 తక్కువైనట్టు. తల వీపు మీదికి విరుచుకుంటే బి1 లోపం.

ఈసారి వేళ్లే ముడుచుకున్నాయి. మేత నూకలు, మొక్కజొన్న రవ్వ. స్టార్టర్ దాణాలో, అంటే చిన్న పిల్లలకు వేసే దాణాలో, కిలోకు 3.6 మి.గ్రా. బి2 కావాలి, మొక్కజొన్నలో ఉండేది 1 మి.గ్రా. దరిదాపుల్లోనే. నీళ్లలో కలిపే చుక్కల మందు ఉందిలే అనుకుంటాం, కానీ ఆ సీసా మీద ఎ, డి3, ఇ, బి12 మాత్రమే రాసి ఉన్నాయి. లేబుల్ చదవకుండా విటమిన్ మందు కొనకండి.

మందుగా ఒక్కో పిల్లకు రోజుకు 100 మైక్రోగ్రాముల బి2, వరసగా రెండు రోజులు. బి2 10 మి.గ్రా. ఉన్న బి-కాంప్లెక్స్ మాత్రను మెత్తగా నూరి 100 మి.లీ. నీళ్లలో కలిపితే మి.లీ.కి సరిగ్గా అంతే వస్తుంది. పొడి అడుగుకు దిగుతుంది, కాబట్టి ప్రతిసారీ ఊపి సిరంజిలో తీయాలి. ముక్కు అంచున చుక్క చుక్కగా వదలాలి. గబుక్కున పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెలుతురు తగిలితే బి2 పాడవుతుంది, అందుకే సీసాకు కాగితం చుట్టి ఏ పూటకాపూట కలుపుకోవాలి. రక్త విరేచనాలకు ఆంప్రోలియం నడుస్తుంటే బి-కాంప్లెక్స్ వద్దు. ఆ మందు పనిచేసేదే బి1ను అడ్డుకుని. మాత్రలోని బి1 దాని బలం తగ్గిస్తుంది. అప్పుడు బి2 ఒక్కటే ఉన్న మాత్ర వెతకాలి.

మందు తాగించి పాత మేతే వేస్తే మళ్లీ పడిపోతాయి. ప్రీమిక్స్ (విటమిన్లు, ఖనిజాల పొడి) కలిసిన స్టార్టర్ దాణాకు మార్చాలి. కూలబడ్డవాటిని వేరే గంపలో ఊక మీద ఉంచి, మేత, నీళ్లు కూర్చున్నచోటే అందేలా పెట్టాలి. లేకపోతే లోపం కన్నా ముందు ఆకలే చంపుతుంది.

ఎదుగుదల ఆగింది కదా, హార్మోన్ ఇంజెక్షన్ వేయిద్దామా అని అడిగేవాళ్లున్నారు. వేయించొద్దు. మేత, మాంసకృత్తులు తగ్గిన కోడిపిల్ల రక్తంలో గ్రోత్ హార్మోన్ తగ్గదు, పెరుగుతుంది. పడిపోయేవి గ్రోత్ హార్మోన్ సంకేతంతో కాలేయం తయారుచేసే ఐజీఎఫ్-1, థైరాయిడ్ హార్మోన్ టీ3. గ్రోత్ హార్మోన్‌ను వదిలే పిట్యూటరీ గ్రంథి పంపిన సంకేతానికి కాలేయం బదులివ్వాలంటే కడుపులో సరైన మేత పడాలి. అందుకే వారానికోసారి తూకం వేస్తాను. మేత తినడం మొదలైతే బరువు దానంతటదే కదులుతుంది.

ముడుచుకుని చాలా రోజులైన వేళ్లు మాత్రం తిరిగి రావు, నరం అప్పటికే దెబ్బతిని ఉంటుంది. గుడ్డులోంచి వచ్చేటప్పటికే వేళ్లు ముడుచుకుని, నూగు ఉండలు కట్టి ఉంటే తప్పు పిల్లల మేతది కాదు, పెట్టలది. ఆ పెట్టల దాణా మార్చేదాకా వాటి గుడ్లు పొదగేయకండి.